నాది అనని నేల

కొలత గొలుసు పట్టుకున్న మనుషులు తన తుకుడ దాకా వచ్చినా శారమ్మ పని ఆపలేదు. వెనక్కి నడుస్తూ మడమతో ఒండ్రును నొక్కుతోంది. పడిన గుంటలో నాలుగు శనగ గింజలు వదిలి, కాలి బొటనవేలితో మట్టి లాగి మూసి, మళ్ళీ మడమ వేస్తోంది. నది దిగిపోయిన నేలకు నాగలి అక్కర్లేదు. తొందర మాత్రం కావాలి. ఒండ్రు ఆరి నెర్రెలు విచ్చకముందే గింజ తడిలోకి పోవాలి. ఒక్కరోజు ఆలస్యమైతే ఆ తడి గింజకు అందకుండా పాతాళానికి జారుకుంటుంది. ఒడిలోని శనగలు అయిపోవచ్చాయి. గట్టున జొన్న విత్తనం ఇంకా మూటలోనే ఉంది.

గొలుసు వెనక పంచాయతీ సమితి సారు రామ్‌దాస్ వచ్చాడు. చెప్పులు ఒక చేతిలో, కాయితాల అట్ట ఒక చేతిలో పట్టుకుని, పాంటు మోకాళ్ళ దాకా మడుచుకున్నాడు. ఏర్గట్ల పక్క పసుపు రైతు కొడుకనీ, వాళ్ళ వంశంలో కాలేజీ మెట్లెక్కింది ఈయనొక్కడేననీ పడవ నడిపే గంగన్న పొద్దున్నే నది నడిమి ఈ కుర్రంతా చాటి వచ్చాడు.

"ఈ తుకుడ ఎవరిదమ్మా?" అని అడిగాడు రామ్‌దాస్.

"గంగది సారు," అంది శారమ్మ.

అతను తలెత్తి చూశాడు. దున్నుకునేది ఎవరని మళ్ళీ అడిగాడు. ఈ ఏడు తానేనని ఆమె చెప్పింది. మరి నేల ఎవరిదన్నాడు. గంగదని ఆమె మళ్ళీ అంది. ఇందులో తికమక ఏముందో ఆమెకు అర్థం కాలేదు. రామ్‌దాస్ ఏదో రాసుకుని పక్క తుకుడకు పోయాడు. అక్కడ రాజలింగు కూడా ఆ మాటే చెప్పాడు. ఆ పక్కన హన్మవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, కావాలంటే వానకాలంలో వచ్చి గంగనే అడగమని, అప్పుడైతే ఇంటిదాకా వచ్చి చెబుతుందని అంది. గొలుసు మోసేవాళ్ళు నవ్వారు. రామ్‌దాస్ నవ్వకుండా అదీ రాసుకున్నాడు.

అందరూ గంగ అని పిలుచుకునే మంజీర రెండు పాయలై చుట్టుకున్న నడిమికుర్రు మీద నేలను ఎవరూ నాది అనరు. నది ఏటేటా పైకెక్కి, గుడిసెలున్న ఎత్తు గడ్డను మాత్రం వదిలి, మిగతాదంతా ముంచుతుంది. దిగేటప్పుడు ఒకచోట నల్ల ఒండ్రు పోసి, మరోచోట ముతక ఇసుక పరిచి పోతుంది. నిరుడు జొన్న కోసిన చోట ఈ ఏడు మడుగుంటుంది. అందుకే దసరా వెళ్ళాక, నేల కొలిచే దేవన్న ఇంట్లోని తాడు బయటికొస్తుంది. వరద రోజుల్లో గడ్డ మీద పొయ్యి వెలిగించిన ప్రతి ఇంటికీ ఒక తాడంత నేల. ఆ ఇంట్లో మగదిక్కు ఉందా లేదా, వాళ్ళు చర్చికి పోతారా పోచమ్మకు బోనం పెడతారా అన్నది తాడు అడగదు. ఇంటికొక గుర్తు కుండలో వేస్తే, చూపు పోయిన లింబయ్య చేయి పెట్టి ఒక్కొక్కటీ తీస్తాడు. ఈ ఏడు మొదట శారమ్మ గాజుముక్క వచ్చింది. కుర్రులోకెల్లా మెత్తని నల్ల ఒండ్రు ఆమెకు పడింది. చివరగా వచ్చింది తాడు పట్టే దేవన్న ఇంటి గుర్తు. కొసన ఇసుక. ఇసుకలో గుంతలు తవ్వి ఎరువు పోసి కుండలతో నీళ్ళు మోస్తే ఎండాకాలంలో కర్బూజలు కాస్తాయి గానీ ఇంట్లోకి గింజ రాదు.

నాది అన్న నోటిని గంగ వింటుందని, విన్నదాన్ని మరిచిపోదని హన్మవ్వ అంటుంది. అంతా దేవునిదేనని ఆదివారం పాస్టరు గారు అంటారు. ఈ రెండు మాటల్లో శారమ్మకు ఎప్పుడూ పేచీ కనిపించలేదు. ఎవరిదైతేనేం, తనది మాత్రం కాదు. ఒక ఏడు వాడుకోవడానికి చేతికొచ్చింది.

మధ్యాహ్నానికి అందరినీ దేవన్న గుడిసె ముందు కూచోబెట్టి రామ్‌దాస్ సంగతి చెప్పాడు. మూడో పంచవర్ష ప్రణాళికలో నడిమికుర్రుకు చోటు దొరికిందన్నాడు. సర్కారు చుట్టూ రాతికట్ట కట్టిస్తుంది. ఒడ్డు నుంచి కుర్రు దాకా బండ్లు పోయే దారి వేయిస్తుంది. కుర్రు మొత్తం చెరుకు పెట్టాలి. చెరుకు ఆ దారిన బోధన్ ఫ్యాక్టరీకి పోతుంది. అయితే చెరుకు నాటితే ఏడాది నిలబడుతుంది, కొట్టాక పిలకలేసి మరో ఏడాది ఉంటుంది. ఏటా చేతులు మారే నేల మీద ఈ పథకం నడవదు. ఏది ఎవరిదో తేలాలి.

"పొద్దటి సంది అందరు గంగది అన్నరు. గంగ పేరు మీద పట్టా ఇయ్యరాదు," అన్నాడతను.

జనం నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆగి, అసలు మాట చెప్పాడు. ఎవరిదీ కాని నేల సర్కారుదవుతుంది. సర్కారుదైతే చెరుకు వేస్తామన్న వాళ్ళకు ఇస్తారు. వాళ్ళు ఒడ్డువాళ్ళు కావచ్చు, మరెవరైనా కావచ్చు. కాబట్టి శుక్రవారం తాను భూముల లెక్కలు రాసే గిర్దావరును వెంటబెట్టుకుని వస్తాడు. ఎవరి తుకుడలో వాళ్ళు నిలబడి, ఇది నాదని నోటితో చెప్పాలి. చెప్పినవాళ్ళ పేరున పట్టా అవుతుంది. ఆ తర్వాత తాడు ఉండదు.

కొసకు ఇసుక వచ్చినవాళ్ళ సంగతేమిటని శారమ్మ అడిగింది. రామ్‌దాస్ ఒకసారి దేవన్న వైపు చూశాడు. వాళ్ళకు ఇసుక పట్టా అవుతుందన్నాడు.

దేవన్న పుల్లతో నేల గీకుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "నాకేం ఫికరు లేదు సారు. మీరు దారి ఎయ్యిన్రి."

ఎందుకన్నాడో అందరికీ తెలుసు.

ఆ పొద్దు వాలే వేళ దేవన్న శారమ్మ గుడిసెకు వచ్చాడు. ఆమె వాకిట్లో రేపటి అంగడికని పందిరి చిక్కుళ్ళు తెంపి గంపలో సర్దుతోంది. అతను అడగకుండానే గంప దగ్గర కూచుని, పుచ్చులు ఏరి పక్కన వేయడం మొదలుపెట్టాడు. పెద్ద చేతులు. తాడు లాగి లాగి అరచేతుల్లో గీతలు చెరిగిపోయాయి. కొంతసేపు చిక్కుళ్ళ గురించే మాట్లాడాడు. మంచు ఎక్కువైతే పూత రాలుతుందన్నాడు. తర్వాత గంప పక్కకు జరిపాడు.

"శుక్కురారం నువ్వే మొదలు జెప్పాలె చెల్లె. నల్ల ఒండ్రున్న నువ్వు నోరు దెరిస్తే మిగిలినోళ్ళు ఎనుకకు పోరు."

"కొసకు నీకు ఇసుక మిగుల్తది గదన్న."

"నాకు దారి మిగుల్తది."

శారమ్మ చేతిలోని కాయను గంపలో వేయకుండా అట్లాగే పట్టుకుంది. పోయిన శ్రావణంలో నిజాంసాగర్ గేట్లెత్తిన రెండో నాడు దేవన్న కోడలికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. బోధన్ దవాఖానకు తీసుకుపోదామని పడవెక్కించారు. గంగన్న గడ నేలకు అందలేదు. పాయ మధ్యలో పడవ తిరిగిన చోటే తిరిగింది. ఆ పిల్ల తల శారమ్మ ఒళ్ళోనే ఉంది. ఒడ్డు చేరాక కూడా చాలాసేపు ఎవరూ ఆ తల దించలేదు.

"ఆ నాడు పడవల నువ్వు లేకుంటివా?" అన్నాడు దేవన్న. కోపంగా అనలేదు. గుర్తు చేసినట్టు అన్నాడు. "ఒండ్రు ఏటేటా ఒస్తది. దారి సర్కారు ఒక్కపారే ఇస్తనంటది. పట్టా నీ పేరు మీద పడ్తది. నీకేం నష్టం జెప్పు?"

ఆమెకేం నష్టం లేదు. అదే ఆమె నోరు నొక్కింది. దేవన్న పుచ్చు కాయల్ని దోసిట్లోకి తీసుకుని, మేకకు వేస్తానని లేచి పోయాడు.

మర్నాడు చలిపొద్దున ఆమె గంపతో పడవెక్కింది. దారి పడ్డాక ఈ పడవలో కోళ్ళను పొదగేస్తానని గంగన్న తనమీద తానే జోకు వేసుకున్నాడు. కొంచెం దూరం పోయాక, ఆ శ్రావణం నాటి నుంచి పాయ మధ్యకు రాగానే గడ అందుతుందో లేదోనని రెండుసార్లు దింపి చూస్తున్నానని, దారి పడితే తనకన్నా సంతోషించేవాడు లేడని కూడా అన్నాడు. ఒడ్డున దిగాక బోధన్ వైపు పోయే బాట నిండా చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఎద్దుల మెడ గంటలు, చెరుకు ఆకుల గరగర, గాలిలో పాకం వాసన. ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు మొదలై వారమే అయింది. ఊరంతా పండుగలా ఉంది. చెరుకు చెడ్డదని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కాలవ కింద కోటగిరి పక్క రైతులు పెంకుటిళ్ళు కట్టింది చెరుకుతోనే.

అంగడిలో చిక్కుళ్ళు అమ్ముడవుతుండగా తమ్ముడు సీమోను వచ్చాడు. బండ్ల నుంచి చెరుకు దించే పని అతనిది. భుజాల మీద గోనెపట్టా, మెడ నిండా ఆకులు కోసిన గీతలు. పట్టా సంగతి వినగానే అతను కూలబడ్డట్టు ఆమె పక్కన కూచున్నాడు. ముందు నమ్మలేదు. నమ్మాక ఆమె చేయి పట్టుకున్నాడు.

"మన బాపు కొసదాక మంది చేన్లల్ల పన్జేసిండు. సచ్చినంక పండుకున్నది సుత మిషనోళ్ళ జాగలనే. నీ పేరు మీద సర్కారు కాయితం ఇస్తనంటే ఆలోచన జేస్తున్ననంటవేందక్క? నీకేమన్న దయ్యం పట్టిందా?"

తమ్ముడి కళ్ళలో నీళ్ళున్నాయి. తమ కులంలో, తమ మతంలో, తమ ఇంట్లో నేల నాది అన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. ఇప్పుడు అనే అవకాశం ఒక ఆడదానికి, అందులోనూ ముండమోసిన అక్కకు వచ్చింది. మిగిలిన చిక్కుళ్ళు అతని గోనెపట్టాలో పోసి, మరదలికి ఇమ్మని చెప్పి, ఖాళీ గంప చంకన పెట్టుకుని ఆమె సమితి ఆఫీసుకు నడిచింది.

రామ్‌దాస్ ఆమెను గుర్తుపట్టి బల్ల మీద కూచోమన్నాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. అడగవలసిన మాట దారి పొడవునా కూర్చుకుంటూ వచ్చింది.

"సారు, చెరుకు పెట్టకుంటే దారి ఎయ్యరా?"

ఎయ్యరన్నాడతను. దారికి పైసలొచ్చేది చెరుకు మీద వసూలు చేసే సెస్సు పన్ను నుంచని, చెరుకు బండి నడిచే చోటికే ఆ పద్దులో దారి వేస్తారని విడమరిచి చెప్పాడు.

"చెరుకు లేకముందుసుత ఆడ మనుషులున్నరు సారు."

"ఉన్నరమ్మా. మనుషులున్నరని దారి ఎయ్యనీకి ఆ పద్దుల పైసల్లేవు."

"మరి మనుషుల పేరు మీద ఏ పద్దుల ఉన్నయి?"

రామ్‌దాస్ కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు. తనకు తెలియదన్నాడు. ఆ మాట అన్నందుకు ఆమెకు అతని మీద గౌరవం కలిగింది. చెరుకు ఏడాది నిలబడేదాకా పొయ్యి మీద ఏం పెట్టాలని ఆమె అడిగితే, అప్పు ఇప్పిస్తామన్నాడు. రాతికట్టను నది తన్నుకుపోతే ఏమిటంటే, ఇంజనీర్లు చూసుకుంటారన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, తన సొంత మాట చెప్పాడు. ఏర్గట్లలో తన తండ్రికి రెండు పసుపు మళ్ళున్నాయి. ఆ మళ్ళ పట్టా చేతిలో ఉంది కాబట్టే ఆయన సావుకారు ముందు తలెత్తి నిలబడ్డాడు, కొడుకును చదివించాడు.

"నాది అనేటిది ఒకటుంటేనే మనిషికి ఎన్నెముక ఉంటదమ్మా. నేను మీకు చెడు జేస్తలేను."

అతను చెడు చేయడం లేదని ఆమెకు తెలుసు. చెడు చేసేవాడైతే జవాబు ఇంత కష్టమయ్యేది కాదు. గుమ్మం దాకా పోయి ఆమె వెనక్కి తిరిగింది.

"ఒక్క తుకుడ మీద ఎన్ని పేర్లు రాస్తరు సారు?"

అన్నదమ్ములుంటే అందరివీ రాస్తారని, ఉమ్మడి పట్టా అంటారని అతను చెప్పాడు. అన్నదమ్ములే అయి ఉండాలా అని ఆమె అడిగింది. ఉండాలని లేదు, హక్కు చెప్పుకున్న వాళ్ళందరివీ రాయాలి, కాదనేవాళ్ళు లేకుంటే సరే అన్నాడు. ఎందుకని అడిగాడు.

"ఊకెనే," అంది శారమ్మ.

ఆమె తిరుగు పడవెక్కింది. కుర్రు చేరగానే గుడిసెకు పోకుండా, బట్టలుతికే బండల దగ్గరికి పోయింది. హన్మవ్వ అక్కడే ఉంది, మరికొందరు ఆడవాళ్ళున్నారు. శారమ్మ ఒక బండ మీద కూచుని తన ఆలోచన చెప్పింది. ఎవరి తుకుడ వాళ్ళు నాదంటే తాడు పోతుంది. ఎవరూ అనకపోతే కుర్రే పోతుంది. కాబట్టి అందరూ కుర్రు మొత్తం నాదనాలి. అందరి పేర్లు అంతటా పడితే దసరాకు తాడు ఎప్పటిలాగే పడుతుంది.

ఆడవాళ్ళు బట్టలు పిండడం ఆపారు. వాళ్ళకు లెక్క అర్థమైంది. భయం వేరే ఉంది. హన్మవ్వ మొగుడు పెళ్ళైన కొత్తలో, పండిన జొన్నచేను చూసుకుని మురిసి, ఇది నాదని ఒక్కసారి గట్టిగా అన్నాడట. ఆ ఏడే వరదలో పోయాడు. ఆ మాట హన్మవ్వ చెప్పుకోదు, కుర్రు చెప్పుకుంటుంది.

"నీ ఏసయ్య నిన్ను ఈదిపిస్తడేమో గని, మా గతేంది పిల్లా?" అంది హన్మవ్వ.

"నాకు సుత ఈత రాదవ్వ. నాకు సుత భయమైతున్నది."

హన్మవ్వ తడిచీరను బండకేసి బాదింది. రెండు దెబ్బలేసి, మెలిపెట్టి పిండి, దులిపి భుజాన వేసుకుంది. ఆమె పోతూ పోతూ ఆగింది. "ఒక్కడు నాదంటే గంగకు వినబడ్తది. అందరంటే అది నాదన్నట్టు గాదు. గంగకు గీ మాత్రం తెల్వదా?" అంది, ఎవరితోనో కాదు, నీళ్ళతో అన్నట్టుగా.

తర్వాత రెండు రోజులు శారమ్మ పొద్దున విత్తుతూ, పొద్దెక్కాక గుడిసె గుడిసెకూ తిరిగింది. కర్బూజ తీగ పాకినట్టు ఊరంతా పాకుతున్నావని ఒకరు, సర్పంచు ఓట్లకు నిలబడతావా ఏమిటని ఒకరు దెప్పారు. పక్క తుకుడ రాజలింగుకు ఈ ఏడు ఆమె తర్వాత మంచి నేల పడింది. అతను మొలకెత్తిన జొన్నలో నిలబడి, కూర్చోమని కూడా అనకుండా, తన సంగతి శుక్రవారం చూసుకుంటానన్నాడు. నల్లది వచ్చింది కాబట్టి ఆమెకు ధర్మం గుర్తొచ్చిందని, ఇసుక వచ్చి ఉంటే ఏమనేదో చూసేవాడినని అన్నాడు. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. ఇసుక వచ్చి ఉంటే ఇదే మాట స్వార్థమయ్యేది. ఒండ్రు వచ్చింది కాబట్టి తానే అనాలి. వేరే ఎవరన్నా చెల్లదు.

చివరగా దేవన్న దగ్గరికి పోయింది. అతను ఇసుకలో కర్బూజ గుంతలకు చోటు చూసుకుంటున్నాడు. చేయి మోచేతి దాకా దిగేసి తడి వెతుకుతున్నాడు. ఆమె చెప్పినంతసేపూ చేయి బయటికి తీయలేదు.

"గట్ల పట్టా అయితే ఎవ్వడు చెరుకు పెట్టడు. చెరుకు లేకుంటే దారి లేదు," అన్నాడు. "నా కోడలు నీ ఒళ్ళె తల పెట్టి పోయింది. దారికి అడ్డం పడేటిది నువ్వే అయితవనుకోలే."

దారి తానూ కోరుతోందని శారమ్మ, దారిని చెరుకుకు కట్టేసింది తాను కాదని చెప్పాలనుకుంది. ఆ ముఖం చూసి చెప్పలేకపోయింది. తిరిగి వచ్చి, మూటలోని జొన్న విత్తనం చీకటి పడేదాకా వేసింది. వేస్తున్నంతసేపూ, శుక్రవారం అతనొక్కడు కాదంటే చాలు, అంతా పోతుందన్న మాటే మడమ కింద తగులుతూ ఉంది. అయినా వెనక్కి తీసుకోవాలని ఒక్కసారీ అనిపించలేదు.

శుక్రవారం గిర్దావరు గొడుగు వేసుకుని వచ్చాడు. ఇంకా రెండూళ్ళు చూడాలని, తొందరగా కానివ్వాలని పడవ దిగుతూనే అన్నాడు. జనమంతా వెంట నడిచారు. మొదటి తుకుడ శారమ్మది. రామ్‌దాస్ ఆమె వైపు తిరిగి, భయపడకుండా చెప్పమన్నట్టు తల ఊపాడు. ముందుగా వేసిన శనగ అప్పుడే నేలను పగలదీసి రెండాకులు చూపుతోంది. ఆమె మొలక తొక్కకుండా సాళ్ళ మధ్యకు పోయి నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక అనని మాట నోట్లో మెసలడం లేదు. పాయ నీళ్ళ చప్పుడు వినిపించింది.

"నాది," అంది.

రామ్‌దాస్ సంతోషంగా కలం తీశాడు.

"ఆగు సారు, ఇంకున్నది. ఇదొక్కటే గాదు. పక్కన రాజలింగు తుకుడ నాది. హన్మవ్వది నాది. కొసకు దేవన్న ఇసుకసుత నాది. కుర్రు మొత్తం నాది, రాయిన్రి."

గిర్దావరు గొడుగు వెనక్కి వాల్చి, ఈమెకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. అంతలో హన్మవ్వ కొంగు నడుముకు చుట్టుకుని ముందుకొచ్చింది.

"దాని మాట నమ్మకు. కుర్రు మొత్తం నాది. అది నిలవడ్డ జాగసుత నాదే."

జనంలో నవ్వు పుట్టింది. ఆ నవ్వులోనే ఒకరి తర్వాత ఒకరు కదిలారు. లింబయ్య కర్ర ఊపి, తనకు కనపడేదంతా తనదేనన్నాడు. గంగన్న పడవ తాడు వదలకుండానే నాదని కేకేశాడు. ఉతుకు బండల దగ్గర భయపడ్డ ఆడవాళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకుని, గుంపుగా, నీళ్ళ వైపు చూడకుండా అన్నారు. రాజలింగు మాత్రం తన తుకుడలోకి పోయి, ఇదొక్కటే నాది, మిగతాది నాకొద్దన్నాడు. రామ్‌దాస్ కాయితం చూసుకుని, ఆ తుకుడ మీద అతని పేరుతో పాటు అందరి పేర్లూ ఉన్నాయని, మిగతా తుకుడల మీద మాత్రం అతని పేరు లేదని చెప్పాడు. రాజలింగు కాసేపు లెక్క చూసుకున్నాడు. అట్లయితే తననూ అంతటా రాయమన్నాడు. హన్మవ్వ అతని వీపు మీద ఒకటి చరిచింది.

ఇంతమంది ఒక్క నేల మీద పడితే ఇది తగాదా అని, తగాదా నేలను సర్కారుకే రాయాల్సి వస్తుందని గిర్దావరు విసుక్కున్నాడు. రామ్‌దాస్ రాసిన పేర్ల మీదుగా కలం కొనను కిందికి జరుపుతూ పోయాడు. అతని పనికి ఇది మంచిది కాదని అతని ముఖంలోనే కనిపిస్తోంది. అయినా మెల్లగా అన్నాడు. తగాదా అంటే ఎవరో ఒకరు కాదనాలి. ఇక్కడ కాదన్నవాళ్ళు లేరు.

"ఆయన అనలేదు గద," అని గిర్దావరు ఇసుక వైపు చూపించాడు.

దేవన్న కొసన ఒక్కడే నిలబడి ఉన్నాడు. అందరూ అటు తిరిగారు. గిర్దావరు గట్టిగా పిలిచి, ఈ ఆడమనిషి నీ జాగ నాదంటోంది, ఒప్పుకుంటావా, కాదంటావా అని అడిగాడు. దేవన్న ఇసుకలో అడుగులు కూరుకుంటూ వచ్చాడు. శారమ్మ ముందు నుంచే పోయాడు గానీ ఆమె వైపు చూడలేదు. రామ్‌దాస్ ఎదుట ఆగాడు.

"నేను కాదంటే దారి ఒస్తదా సారు?"

"ఒస్తది. కుర్రు సర్కారుదైతది, చెరుకు పడ్తది, దారి ఒస్తది."

"ఎవల కోసం?"

"చెరుకు..." అని రామ్‌దాస్ ఆగిపోయాడు.

"ఔ," అన్నాడు దేవన్న. "పోయిన శ్రావణంల మా కోడలు చెరుకు మోపైనా బాగుండు. దాటిచ్చేటోళ్ళు."

గొంతు పెంచలేదు. గిర్దావరు గొడుగు ముడిచాడు. దేవన్న అక్కడే, శనగ సాలు అంచున, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు. కొంతసేపు మొలకల్ని చూశాడు. తర్వాత, నాది, మొత్తం, అని రాసుకొమ్మన్నాడు. శారమ్మ పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది.

గిర్దావరు ఇక చేసేదేమీ లేదని, పై వాళ్ళు చూసుకుంటారని, పడవ వైపు నడిచాడు. గొలుసువాళ్ళు వెంట పోయారు. రామ్‌దాస్ కాయితాలు సర్దుకుంటుంటే దేవన్న అతని అట్ట మీద చేయి పెట్టాడు.

"ఇంకో కాయితం దీయి సారు. నడిమికుర్రుకు దారి గావాలని రాయి."

రామ్‌దాస్ పక్కన కూచుని తెల్లకాయితం తీశాడు. అలవాటుగా ఊరి పేరు రాశాడు, తాలూకా రాశాడు. తర్వాత ఆగి, ఏ పంట ఉందని రాయమంటారని అడిగాడు. అది లేకుండా కాయితం ఏ బల్ల మీదికీ ఎక్కదన్నాడు.

దేవన్న తలెత్తి శారమ్మ వైపు చూశాడు. ఆ రోజుకు అదే మొదటిసారి చూడడం.

"పంట రాయకు. మనుషులున్నరని రాయి," అంది ఆమె.

"గట్లనే రాయి," అన్నాడు దేవన్న.

గిర్దావరు పడవలోంచి రామ్‌దాస్‌ను పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. రామ్‌దాస్ లేవలేదు. ఆ మాటను ఆఫీసు భాషలో ఎట్లా పెట్టాలా అని కాసేపు ఆలోచించి, పెట్టడం చేతకాక, ఆమె అన్నది అన్నట్టే రాశాడు.